ఒడి బియ్యం మూటతో కీసర దాకా

మేడ్చల్ నుంచి కీసర ఎంత దూరమని ఎవరైనా అడిగితే, పొద్దున టిఫిను తిని బయల్దేరితే భోజనాల వేళకు చేరిపోతారని చెప్పేదాన్ని. మా నాయినతో వెళ్ళొచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. దారిలో కనిపించిన ప్రతి మనిషినీ ఏ ఊరని అడిగి, ఆ ఊళ్ళో తనకు తెలిసినవాళ్ళు బతికున్నారో లేదో తేల్చుకుంటే గాని ఆయన అడుగు ముందుకు వేయడు. డెబ్బై దాటిన మనిషి అడిగే ఊళ్ళలో తెలిసినవాళ్ళు సగం మంది ఉండరు. ఉన్నారని తెలిస్తే సంతోషం, లేరని తెలిస్తే ఒక బీడీ. బీడీ మానేసి చాలా ఏళ్ళయింది కాబట్టి, ఒక నిట్టూర్పు.

ఈ ప్రయాణం ఎందుకంటే, కీసర అవతలి ఊళ్ళో ఉండే మా మేనత్త భర్త, అంటే మా మామ, మంచం పట్టాడు. ఓసారి వచ్చి పొమ్మని కబురొచ్చింది. నాయినకు ఆ మేనత్త, మా అత్తమ్మ, ఒక్కతే అక్క. కబురు వినగానే ఆయన చూద్దామని అనలేదు, ఏం జబ్బని అడగలేదు. "అక్కకు ఒడి బియ్యం పొయ్యాలె" అన్నాడు.

ఒడి బియ్యం సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా ఆయనది కోస్తా వైపు, పెళ్ళయిన కొత్తలో ఆయనకూ ఇలాగే చెప్పాల్సొచ్చింది. అత్తారింటికి వెళ్ళిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు ఆమె ఒడిలో పోస్తారు. అయితే ఒకటే షరతు. మొగుడు ఉన్న ఆడదానికే పోస్తారు. ఆయన పోయాడా, ఆ ఒడిలో మళ్ళీ గింజ పడదు. అందుకని నాయిన తొందర. మామ ఉండగానే, అక్క పసుపు కుంకుమలతో ఉండగానే, ఆఖరిసారి ఆమె ఒడి నింపాలి.

నా తొందర వేరు. అంతకు కొన్నాళ్ళ ముందు నాయిన కళ్ళు తిరిగి పెరట్లో పడిపోయాడు. సికింద్రాబాదులో మా ఇంటి దగ్గరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. గుండె బాగా బలహీనపడింది, ఈ వయసులో కోత పెట్టే పని కాదు, మందులు వేస్తూ ఉన్నన్నాళ్ళు జాగ్రత్తగా చూసుకోండి అని. ఆ "ఉన్నన్నాళ్ళు" నాకూ, మా తమ్ముడికీ, అమ్మకూ తెలుసు. నాయినకు చెప్పలేదు. కొంచెం చెముడు కూడా ఉంది కదా, చెప్పకపోవడం సులువైంది.

మేడ్చల్ బస్టాండు

అమ్మకు మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. తమ్ముడికి ఆ రోజు ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఉంది. కారు పంపిస్తానన్నాడు గాని, నాయిన ఒప్పుకోలేదు. "అక్కకు బియ్యం బస్సుల దీస్కవోయినోళ్ళం, గిప్పుడు కార్ల బోతే ఏమనుకుంటది?" అన్నాడు. ఏమనుకుంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మూట నా చేతికొచ్చింది. బట్టల సంచిలో బియ్యం, దాని మీద చీర, పైన తువ్వాలు. అమ్మ ఆజ్ఞ ఏమిటంటే మూట కింద పెట్టొద్దు, కాళ్ళకు తగలనీయొద్దు. ఎత్తుకుంటే నడుము వంగిపోయింది.

"బరువుందా బిడ్డ?" అన్నాడు నాయిన.

"మస్తుంది. ఏం వేశారిందులో, రాళ్ళా?"

అమ్మ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. నాయినకు వినపడలేదు.

బస్టాండులో ఇడ్లీ తిన్నాం. ప్లేటు ఆరు రూపాయలు. సికింద్రాబాదులో అదే ఇడ్లీ పది, పైగా చట్నీ రెండోసారి అడిగితే మొహం చూస్తారు. ఇక్కడ కుర్చీ పక్కన చట్నీ బకెట్టే పెట్టేశారు. సాంబారులో ఉప్పు ఎక్కువని నా భయం. "సాంబారు వద్దు నాయినా" అని మూడుసార్లు చెప్పాను. వినపడలేదు. పక్క బల్ల దగ్గర సర్వరు "మిర్చి వేడిగున్నయి" అని నెమ్మదిగా అన్నది మాత్రం వినపడింది.

ద్రాక్ష తోటల దారి

శామీర్‌పేట బస్సులో నాయినకు కిటికీ సీటు దొరికింది. రోడ్డుకు రెండు పక్కలా ఒకప్పుడు ద్రాక్ష తోటలు. నా చిన్నప్పుడు ఈ దారంతా పందిళ్ళే. మా నాయినకూ ఉండేది తోట. గుత్తుల మధ్య పిట్టలను తోలడానికి డబ్బా కొడుతూ పొద్దంతా అరిచేవాడు. ఇప్పుడు పందిళ్ళు మోసిన రాతి కడీలు మిగిలాయి, వాటికి తీగల బదులు రంగు జెండాలు, "ప్లాట్లు అమ్మబడును" బోర్డులు.

"గీడ మంచి అనాబ్ పండేది" అని ఒక చోట వేలు చూపించాడు. మా వైపు పెద్దవాళ్ళు ద్రాక్షలో ఒక రకాన్ని అలా పిలిచేవారు. తర్వాత తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడే నా పిరికితనం బయటపడింది. నిద్రపోతున్నాడా, లేక... నోరు కొంచెం తెరుచుకుంది, ఛాతీ కదులుతున్నట్టు లేదు. బస్సు కదలికలో ఏది ఊపిరో ఏది గుంతో తెలియదు. మెల్లగా చేయి చాచి ముక్కు దగ్గర వేలు పెట్టాను.

"బతికే ఉన్న" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

నా పక్కన కూర్చున్న ఒక పెద్దామె ఇదంతా చూసి నవ్వింది. మెడలో పుస్తెలతాడు, చేతిలో వెల్లుల్లి సంచి, అత్వెల్లిలో కూతురింటి నుంచి వస్తోంది. మూటలోంచి వచ్చే పసుపు వాసన పట్టేసింది.

"ఎవలికమ్మా ఒడి బియ్యం?"

చెప్పాను. మా అత్తమ్మకని, మామకు బాగాలేదని, అందుకే ఇలా ఉన్నపళంగా వెళ్తున్నామని.

ఆమె నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "ఇగో బిడ్డ, నేననొద్దు గని... మొగడు మంచంల ఉండంగ, గిట్ల ఉన్నపళంగ బియ్యం దీస్కపోతే, ఆమె ఏమనుకుంటది? నా మొగడు పోతడని ఖాయం జేసుకొనే వచ్చిండ్రు అనుకోదా?"

నిజమే. మొన్ననే కదా అత్తమ్మకు పోసింది, మూడేళ్ళు ఇంకా నిండలేదు. వేళ కాని వేళ మూట చేతిలో చూడగానే ఆమెకు అర్థమైపోతుంది. చావు కబురు మోసుకెళ్ళినట్టే. నాయినకు ఇది తట్టలేదా? అమ్మకైనా తట్టొద్దా? ఆ నిమిషం నుంచి మూట మరీ బరువైంది. వెనక్కి తిరిగి పోదామంటే నాయిన వినడు, వినపడదు కూడా.

శామీర్‌పేట చెరువు

చెరువు దగ్గర దిగాం. కట్ట మీద ఎండ, గాలి. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళు ఆపుకొని చేపల వేపుడు తింటున్నారు. పెనం మీద చేప ముక్క ముప్పై రూపాయలని విని నాయిన ఆగిపోయాడు. "ముప్పై రూపాయలా? ముక్కకా, సెరువుకా?" అని అమ్మే ఆమెను అడిగాడు. ఆమె కూడా తక్కువది కాదు. "సెరువుకే గని తాతా, మోసుకపోతవా?" అంది. ఇద్దరూ నవ్వారు. నాయిన ఆయాసపడుతూ నవ్వాడు. నేను నవ్వలేదు, ఆయాసం లెక్కపెట్టుకుంటున్నాను.

కట్ట మీద నీడలో కూర్చోబెట్టి, మందు వేయడానికి మాత్రల డబ్బా కోసం మూట విప్పాను. చీర మడతల్లో పెట్టానని అమ్మ చెప్పింది. విప్పేసరికి చేతికి రెండు చీరలు తగిలాయి. ఒకటి ముదురు ఎరుపు, పెద్ద అంచు, అత్తమ్మకు తగినది. రెండోది చిలకపచ్చ. డెబ్బై ఐదేళ్ళ అత్తమ్మ చిలకపచ్చ చీర కట్టుకుంటుందా? రవికె గుడ్డలు రెండు. కుడుకలు ఐదు ఉండాల్సిన చోట పది. బియ్యం మూట కూడా ఒకటి కాదు, రెండు.

అర్థమైంది. కొన్నది మరిచిపోయి మళ్ళీ కొన్నాడు. మతిమరుపు మొదలైందన్నమాట. గుండె ఒకటే అనుకుంటే బుర్ర కూడా. డాక్టరుకు ఇది చెప్పాలి, తమ్ముడికి చెప్పాలి. అమ్మ కూడా గమనించలేదంటే ఆమె మాత్రం ఏం బాగున్నట్టు? మాత్ర చేతిలో పెట్టి, నీళ్ళ సీసా మూత తీసిచ్చి, ఏమీ తెలియనట్టు మూట కట్టేశాను.

"ఏమైంది బిడ్డ, మొకం గట్ల వెట్టినవ్?"

"ఏం లేదు నాయినా. ఎండ."

"ఎండకు మొకం గట్ల గాదు" అన్నాడు. తర్వాత చేపలామె దగ్గరికి వెళ్ళి, నేను చూస్తుండగానే ఒక ముక్క కాగితంలో పట్టుకొచ్చాడు. నేను వద్దన్నది వినపడలేదు. సగం తుంచి నా నోట్లో పెట్టాడు. కారం దంచి పట్టించారు, మస్తుంది. అలాంటి చేప నేను సికింద్రాబాదులో తినలేదు. కళ్ళలో నీళ్ళు కారానికే వచ్చాయని చెప్పాను.

తూంకుంట

కీసరకు నేరుగా బస్సు దొరక్క, సెవెన్ సీటర్ ఆటోలో తూంకుంట దాకా వచ్చి అక్కడ జీపు కోసం నిలబడ్డాం. ఏడుగురి ఆటోలో పన్నెండు మందిమి. మూట నా ఒళ్ళో, ఎవరి కాలూ తగలకుండా కాపలా.

జీపు నిండేదాకా కదలదు. ఈలోగా తెల్ల చొక్కా వేసుకున్న ఒకతను నాయిన దగ్గరికి వచ్చి రంగుల కాగితం చేతిలో పెట్టాడు. పక్కనే లేఅవుట్ అట, నలభై అడుగుల రోడ్లట, వాయిదాల మీద ఇస్తారట. "పెద్దాయనా, ఇయ్యాల అడ్వాన్స్ ఇస్తే ఐదేండ్లల్ల మూడింతలైతది" అన్నాడు.

"ఐదేండ్లకా?" అన్నాడు నాయిన, చాలా ఆసక్తిగా. "ఐదేండ్లకు నేనుంటనని రాసిస్తవా? గట్లయితే ఇప్పుడే తీస్కుంట."

తెల్ల చొక్కా నా వైపు చూశాడు. నేను జీపు వైపు చూశాను. నాయిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు, చెవిలో గులిమి తీసుకోవడానికి పనికొస్తుందని. ఆ "ఐదేండ్లు" మాట కీసర దాకా నన్ను వదల్లేదు. గుట్ట మీది గుడి కనిపించగానే జీపులో అందరూ దండం పెట్టుకున్నారు. నేను పెట్టుకున్న దండంలో కోరికలు ఎక్కువైపోయి ఏది ముందు అడగాలో తెలియలేదు.

అత్తమ్మ ఇల్లు

పొద్దు వాలుతుండగా చేరాం. మామ వాకిట్లో మంచం మీద పడుకొని ఉన్నాడు, ఎముకల గూడు. అత్తమ్మ ఎదురొచ్చి నాయిన చేతులు పట్టుకుంది. తర్వాత నా చేతిలో మూట చూసింది.

"గిదేంది తమ్మీ?"

"ఒడి బియ్యం అక్క."

చేతులు వదిలేసి, కాళ్ళకు నీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళింది. నీళ్ళు తెచ్చింది వాళ్ళ కోడలు.

బస్సులో పెద్దామె చెప్పినట్టే జరిగింది. సాయంత్రం వంటింట్లో జొన్నరొట్టె కొడుతున్న అత్తమ్మ పక్కన కూర్చున్నాను. పిండి తడుపుతూ, నా వైపు చూడకుండా అంది. "మూడేండ్లన్న నిండలే గదనే. నేను పొద్దుగాల లేసి పుస్తెలు కండ్లకద్దుకొని, ఇయ్యాలటికి ఉన్నడు, రేపటికి గూడ ఉండనియ్యి అని మొక్కుకుంట. వీడేమో లెక్క ముగించనీకి వచ్చిండు." రొట్టె మీద నీటి చుక్క పడింది, అది నీళ్ళ గిన్నెలోది కాదు. నాయిన బుద్ధి మందగించిందని చెప్దామా? చెప్తే ఈమె ఏడుపు రెండింతలవుతుంది.

నాయిన మాత్రం బావ మంచం పక్కన చేరి, పాత ఎద్దుల బేరాల గురించి పోట్లాడుతూ రెండు రొట్టెలు, మాంసం తునకల కూర తిన్నాడు. "బావా నువ్వు మోసపోయినవ్", "నువ్వు మోసపోయినవ్ బామ్మర్దీ". ఇద్దరికీ ఊపిరి అందడం లేదు, ఇద్దరూ ఓడిపోవడం లేదు.

పీట మీద

పొద్దున్నే నాయిన స్నానం చేసి తెల్ల ధోతి కట్టుకొని, తనే పీట వేశాడు. అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నాయిన పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. చివరికి మంచం మీది నుంచి మామ గొంతు వచ్చింది.

"రావే, వచ్చి కూసో. కబురు పెట్టింది నేనే."

"నీకు బాగలేదని వెట్టినవ్" అంది అత్తమ్మ, గుమ్మంలోకి వచ్చి.

"నాకెప్పుడు బాగున్నది? నీ తమ్ముడు కండ్లు తిరిగి పడ్డడంట. గుండె మంచిగ లేదంట. మన కోడలు జెప్పింది." కోడలు తల దించుకుంది. ఫోన్లో నేనే ఆమెకు చెప్పాను, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకొని. "వాడు రాకముందుగాలనే పోతే ఎట్ల? నీ ఒడి నిండాలంటే నేనొక్కన్ని ఉంటే సాల్తదా? పోసెటోడు గూడ ఉండాలె గద. అందుకే జల్దీ రమ్మన్న."

నాయిన నోరు తెరిచాడు. "నీ యాపారం పాడుగాను! నువ్వు వోతవని నేను ఉరికొస్తే, నేను వోతనని నువ్వు పిలిచినవా?"

"మరి? ఎవడు ముందు వోతడో ఎవలకు ఎర్క?"

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూనే వచ్చి పీట మీద కూర్చుంది. ఎర్ర చీర ఒళ్ళో పరిచింది. నాయిన దోసిళ్ళతో బియ్యం పోశాడు. గింజలు కొన్ని కింద పడ్డాయి, అత్తమ్మ ఒక్కొక్కటే ఏరుకుంది. ఒడి నిండాక, ఆచారం ప్రకారం పుట్టిల్లు చల్లగా ఉండాలని ఐదు పిడికిళ్ళు తిరిగి నాయిన తువ్వాల్లో వేసింది.

అయిపోయిందనుకొని పీట తీయబోయాను.

"తియ్యకు" అన్నాడు నాయిన. "నువ్వు కూసో బిడ్డ."

మూటలోంచి చిలకపచ్చ చీర తీశాడు. రెండో బియ్యం మూట, ఐదు కుడుకలు. నిన్నంతా నేను కింద పెట్టకుండా మోసుకొచ్చిన దాంట్లో సగం నా బియ్యమే.

"నాకు పోయినేడే పోశావు కదా నాయినా" అన్నాను. మరిచిపోయాడనే ఇంకా అనుకుంటున్నాను.

"యాదుంది. డాక్టర్ నీకు జెప్పెటప్పుడు నేను తలుపు బయట బల్ల మీదనే కూసున్న. నాకు వినొద్దనుకున్నయే వినవడయి గని, సెవులు మంచిగనే ఉన్నయి."

సాంబారు, మిర్చి, చేప, రాళ్ళు. అన్నీ విన్నాడు. మంచం మీద నుంచి మామే అందుకున్నాడు. "కూసో తల్లి, మీ నాయిన ప్లాటుకు అడ్వాన్స్ కట్టినట్టు కడ్తున్నడు. ఇయ్యాల రేపు అందరు గట్లనే కొంటున్నరు."

"పుట్టింట్ల గాని అత్తింట్ల గాని గద పొయ్యాలె, మా ఇంట్ల ఎట్ల?" అని కోడలు మెల్లగా అంది.

అత్తమ్మ తన ఒడి బియ్యం పక్కన పెట్టి లేచింది. "నేనెవలను? ఆ ఇంటి ఆడిపిల్లనే గద. నేను, వాడు గల్సి పోస్తం."

కూర్చున్నాను. చిలకపచ్చ. బడికి వెళ్ళే రోజుల్లో ఈ రంగు లంగా కోసం పండగనాడు అన్నం మానేశానని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. నాయిన దోసిళ్ళు నా ఒళ్ళో పడుతున్నాయి, నాకు ఏమీ కనిపించడం లేదు. తిరిగి పోయాల్సిన పిడికిళ్ళు ఐదు. ఒకటి వేశాను. రెండు, మూడు, నాలుగు, ఐదు. పుట్టిల్లు చల్లగా ఉండాలి. నాయిన చల్లగా ఉండాలి. ఇంకొకటి వేశాను. ఇంకొకటి.

"అన్ని వాపస్ ఇస్తవా ఏందే!" అని అత్తమ్మ నా చేయి పట్టుకుంది.

తిరుగు ప్రయాణం

ఒడి బియ్యం వండుకొని తిని పొమ్మని అత్తమ్మ అన్నా, నా బియ్యం మా ఇంటికెళ్ళి వండుకుంటానని చెప్పి బయల్దేరాం. మామ మంచం మీది నుంచే చేయి ఊపాడు. "మూడేండ్లకు మళ్ళ రా" అన్నాడు. "నువ్వుంటే వస్త" అన్నాడు నాయిన. "నువ్వుంటే ఉంట" అన్నాడు మామ.

నా మూట నేను ఎత్తుకున్నాను. నేను తిరిగి పోసిన పిడికిళ్ళ మూట మాత్రం నాయిన నన్ను ముట్టుకోనివ్వలేదు. "గిది నాది" అన్నాడు. శామీర్‌పేటలో మేడ్చల్ బస్సెక్కాక దాన్ని పొట్ట మీద పెట్టుకొని, రెండు చేతులూ దాని మీద వేసి, కిటికీకి తల ఆనించాడు. రాతి కడీలు, రంగు జెండాలు వెనక్కి పోతున్నాయి. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది.

చేయి చాచబోయాను.

"ముక్కు కాడ ఏలు వెట్టకు, గిలిగింతలైతయి" అన్నాడు, కళ్ళు తెరవకుండా. "మూట జూడు."

చూశాను. మూట పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. మేడ్చల్ వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.